మదర్‌బోర్డుకు ఉన్న విలువ మదర్‌కు లేదా?

"నీకు తెలీదులే అమ్మా!"

మన ఇళ్ళల్లో ఇంత చవకగా దొరికే మాట ఇంకొకటి లేదు. కొడుకు అంటాడు, కూతురు అంటుంది, వాళ్ళిద్దర్నీ చూసి ఆయనగారూ అంటారు. కందిపప్పు కొత్తదో పాతదో మునివేళ్ళతో చెప్పగలం. గ్రైండరు ఇంకెన్నాళ్ళు ఆడుతుందో చప్పుడు విని చెప్పగలం. పట్టుచీర జరీ సంగతి చేత్తో తడిమి తేల్చేస్తాం. ఇవన్నీ తెలిసిన మనిషికి, అబ్బాయి కోసం రెండు లక్షలో మూడు లక్షలో పోసి 'గేమింగ్ కంప్యూటరు' కొనేటప్పుడు మాత్రం ఏమీ తెలీదట! డబ్బు ఏ బీరువాలో, ఏ చీర మడతలో ఉందో మనకి తెలుసు. అది ఏ రేకు డబ్బాలోకి పోతోందో మాత్రం అడగకూడదు.

ఇది దెబ్బలాట వ్యాసం. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్నని లాభం లేదు. మగవాళ్ళతో కొంత దెబ్బలాట, కొట్టువాళ్ళతో కొంత, ఎక్కువ భాగం మనతో మనకే. ఎందుకంటారా? "నీకు తెలీదులే" అని వాళ్ళు అనకముందే "నాకేం తెలుస్తుంది నాయనా, నువ్వే చూసుకో" అని చేతులు దులిపేసుకునేది మనమే కదూ!

మా కాలనీలో ఒకావిడ రెండేళ్ళపాటు చీటీ కట్టింది. చీటీ డబ్బు చేతికొచ్చేసరికి కొడుకు ఇంజనీరింగు రెండో ఏట్లో ఉన్నాడు. 2025 వేసవిలో తండ్రీ కొడుకూ కలిసి ఊళ్ళో పెద్ద కొట్టుకి వెళ్ళారు. సాయంత్రానికి ఇంటికొచ్చిన ఆ డబ్బాని చూడాలి! చుట్టూ అద్దాలు, లోపల ఆరు ఫ్యాన్లు, ఒక్కో ఫ్యానుకీ రంగురంగుల దీపాలు. వినాయక చవితి పందిరి నట్టింట్లో దిగినట్టుంది. అందరం వెళ్ళి చూసొచ్చాం. రెండు నెలలు తిరక్కుండా, ఆట మంచి పట్టులో ఉండగా, ఆ పందిరి ఠక్కున ఆరిపోవడం మొదలెట్టింది. కొట్టువాణ్ణి అడిగితే "మీ ఇంట్లో కరెంటు బాగోలేదు" అన్నాడు. ఇంకోసారి అడిగితే "విండోస్ మళ్ళీ వెయ్యాలి" అన్నాడు. మూడోసారి ఫోనే ఎత్తలేదు.

ఆవిడ బిల్లు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "మీరు రాస్తూంటారు కదండీ, ఇందులో ఏముందో కాస్త చదివి చెబుదురూ" అని. నేను బీఏలో చరిత్ర, తెలుగు చదివినదాన్ని. ఫ్యూజు వెయ్యడం తప్ప కరెంటుతో నాకు పరిచయం లేదు. కానీ బిల్లు చదవడం వచ్చు. సరుకుల చీటీ చదవడం వచ్చిన ప్రతి ఆడదానికీ వచ్చు. అందులో ఏముందో చెబుతాను, వినండి.

అద్దాల క్యాబినెట్, దీపాల ఫ్యాన్లు కలిపి 14 వేలు. ప్రాసెసరు వేడెక్కకుండా నీళ్ళు తిప్పే కూలరు, దాని నెత్తిన బొమ్మలు చూపించే చిన్న తెర... 22 వేలు. మదర్‌బోర్డు 38 వేలు. 16 కోర్ల ప్రాసెసరు 60 వేలు. ఆటలో బొమ్మంతా గీసే గ్రాఫిక్స్ కార్డు 40 వేలు, అదీ 8 జీబీది. ర్యామ్ 12, ఎస్సెస్‌డీ 8, మానిటరు 22. ఇక మొత్తం యంత్రానికి కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్, దాని ఎదురుగా కంపెనీ పేరు లేదు, '750 వాట్లు' అని ఉందంతే, ధర 3 వేలు! వెరసి 2 లక్షల 19 వేలు.

గాజుకీ, నీళ్ళకీ, మదర్‌బోర్డుకీ కలిపి 74 వేలు. బొమ్మ గీసే కార్డుకి 40 వేలు. పందిరికి పెట్టినంత పుస్తెలకి పెట్టని పెళ్ళి ఇది! అందరి కడుపూ నింపాల్సిన వంటమనిషికేమో 3 వేలు పారేశారు. ఆరిపోవడానికి కారణం ఆ ఎస్‌ఎమ్‌పీఎస్సే. మంచిది కొని వేయించాక ఆ యంత్రం మళ్ళీ ఆగలేదు. కానీ పోయిన చీటీ డబ్బులో తగ్గింపు ఎవరిస్తారు?

"ఇంత డబ్బు పెట్టేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా అడగలేదా అండీ?" అంటే, ఆవిడ "అడిగితే అబ్బాయికి కోపమొస్తుందండీ" అంది. అదీ మన బతుకు.

ఇంతకీ ఏం అడగాలి? నాలుగు రోజులు ఓపిగ్గా కూర్చుని తెలుసుకున్నాను. పీహెచ్‌డీలు అక్కర్లేదు. ముగ్గు వెయ్యడం వస్తే చాలు.

తెర మీద బొమ్మంటే చుక్కల ముగ్గే. మామూలు మానిటరులో అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080. గుణిస్తే సుమారు 20 లక్షల 73 వేలు. దానికంటే మేలైనది 2,560కి 1,440. అంటే దాదాపు 36 లక్షల 86 వేలు. 4కె అనే గొప్పింటి మానిటరులో 3,840కి 2,160, దరిదాపు 83 లక్షల చుక్కలు. మామూలు దానికి సరిగ్గా నాలుగింతలు. 144 హెర్ట్జ్ మానిటరంటే ఆ ముగ్గుని సెకనుకి 144 సార్లు చెరిపి మళ్ళీ వెయ్యగలదన్నమాట. సంక్రాంతి నెలలో ఒక్క ముగ్గు వేసి నడుం పట్టుకునే మనకి ఈ పని బరువు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ముగ్గు వేసే చెయ్యే గ్రాఫిక్స్ కార్డు. కాబట్టి మొదట తేల్చుకోవలసింది వాకిలి ఎంతదన్నది... అంటే మానిటరు. వాకిలి చూడకుండా చెయ్యిని కొనేవాళ్ళని ఏమనాలి? చిన్న మానిటరు పెట్టి దానికి రెండు లక్షల కార్డు తగిలించేవాళ్ళున్నారు. 4కె మానిటరు పెట్టి 8 జీబీ కార్డు కొని, ఆట నత్తలా నడుస్తోందని ఏడ్చేవాళ్ళూ ఉన్నారు. మా కాలనీ అబ్బాయి మానిటరు 2,560ది. దానికి 16 జీబీ కార్డు ఉంటే హాయిగా ఉండేది. ప్రాసెసరులో తగ్గించుకున్న డబ్బుతో వచ్చేదే!

ఆ కార్డు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే అందులో పెద్ద మాయ ఉంది. ఎన్విడియా వాళ్ళు 2025 ఏప్రిల్లో ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అనే కార్డు వదిలారు. అదే పేరుతో రెండు రకాలు. ఒకదానికి 8 జీబీ జ్ఞాపకశక్తి, రెండోదానికి 16. పేరు అదే, ముఖం అదే, అట్టపెట్టె మీద ఓ అంకె తేడా. కొత్త ఆటలకి, బొమ్మలు నిండుగా పెట్టుకుంటే, 8 జీబీ ఇరుకవుతోంది. అంగట్లో మనం "పట్టేనా?" అని అడిగితే "పట్టే అమ్మా" అని పక్కన "ఆర్ట్ సిల్కు" అని చిన్నక్షరాల్లో రాసినట్టు! చీర విషయంలో ఈ పని చేస్తే ఊరుకుంటామా? కొట్టు మెట్లు దిగకుండా మేనేజర్ని పిలిపిస్తాం.

ఇంకో ముచ్చట. 2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ వేదికెక్కి, 549 డాలర్ల 5070 కార్డు, అంతకు ముందు 1,599 డాలర్లకి అమ్మిన 4090తో సమానంగా పని చేస్తుందని ప్రకటించాడు. చప్పట్లు మోగిపోయాయి. కిటుకేమిటంటే, కార్డు ఒక బొమ్మని నిజంగా గీసి, దాని పక్కన మూడు బొమ్మల దాకా ఊహించి పూరిస్తుంది. లెక్కలో అన్నీ కలిపేస్తారు. నేను సీరియల్‌కి ఒక ప్రకరణం రాసి పంపితే, మిగతా మూడూ సంపాదకుల వారే ఊహించి అచ్చేసి "రచయిత్రి చాలా వేగంగా రాస్తోంది" అన్నట్టుంది. కళ్ళకి నునుపుగానే కనిపిస్తుంది, కాదనను. కానీ ధరలు పోల్చేటప్పుడు ఊహాబొమ్మల్ని అసలు బొమ్మల్లో కలిపి చెప్పడం నీళ్ళు కలిపిన పాలని లీటర్లలో కొలవడమే.

ఇక ప్రాసెసరు. మనం మొత్తం డబ్బాని "సీపీయూ" అంటాం. అది తప్పు పేరు, కానీ వాడుకలో పడిపోయింది, వదిలెయ్యండి. అసలు సీపీయూ అంటే లోపలుండే అగ్గిపెట్టెంత చిప్పు. ఇక్కడ మన "ఎక్కువ ధరైతే ఎక్కువ మంచిది" అనే వెర్రి చక్కగా బయటపడుతుంది. 2024 నవంబరులో ఏఎండీ వాళ్ళ రైజెన్ 7 9800ఎక్స్3డీ వచ్చింది. 8 కోర్లు, 479 డాలర్లు. 2025 మార్చిలో 9950ఎక్స్3డీ వచ్చింది. 16 కోర్లు, 699 డాలర్లు. ఆటల వరకూ చూస్తే రెండూ దాదాపు ఒక్కటే! వీడియోలు కూర్చేవాళ్ళకి, పెద్ద పెద్ద లెక్కలు చేసేవాళ్ళకి ఆ 16 కోర్లూ పనికొస్తాయి. ఆడుకునే పిల్లాడికి ఎందుకు? నలుగురున్న ఇంట్లో నలభైమందికి సరిపోయే గుండిగ కొన్నట్టు.

"ఫ్యూచర్ ప్రూఫ్ పిన్నీ" అన్నాడు మా అక్క కొడుకు. అంటే రాబోయే పదేళ్ళకీ ఇప్పుడే కొనిపెట్టుకోవడమట. ఈ మాటని కనిపెట్టినవాడు కొట్టు యజమానే అయ్యుండాలి. ఎదిగే పిల్లాడికి పదేళ్ళ తర్వాతి చొక్కా ఇవాళే కుట్టించే దర్జీని చూశారా? మడత పెట్టి కుట్టించమంటాం, ఎదిగాక విప్పుకోవచ్చని. కంప్యూటరులో ఆ మడత ఎక్కడుందో తెలుసా? మదర్‌బోర్డు మీదుండే సాకెట్టులో. 2017లో ఏఎమ్4 బోర్డు కొన్న చాలామంది, బయోస్ మార్చుకుని, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీని అదే బోర్డులో కూర్చోబెట్టారు. ఇప్పటి ఏఎమ్5 సాకెట్టు 2022లో వచ్చింది. 2027 దాకా, ఆ పైనా దాన్ని నడుపుతామని కంపెనీ చెప్పింది. ఇంటెల్ వారు 2021లో పెట్టిన సాకెట్టుని 2024లో మార్చేశారు. అదీ చూసుకోవలసిన ముందుచూపు. 38 వేల బోర్డులో ప్రాసెసరు 18 వేల బోర్డులో కంటే వేగంగా పరుగెత్తదు. మదర్ అన్న పేరు పెట్టి దాని విలువ మాత్రం పెంచుకుంటూ పోయారు, మహానుభావులు.

ఇంటెల్ అంటే గుర్తొచ్చింది. పేరున్న కంపెనీ కదా అని కళ్ళు మూసుకోవడానికీ లేదు. వాళ్ళ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అవసరానికి మించిన వోల్టేజి తీసుకుని పాడవుతున్నాయని 2024లో తేలింది. కంపెనీ ఒప్పుకుని, సర్దుబాటు విడుదల చేసి, గ్యారంటీని ఇంకో రెండేళ్ళు పొడిగించింది. అలాంటిది మీ ఇంట్లో ఉంటే వెంటనే ఆ సర్దుబాటు వేయించారో లేదో అడగండి. "నీకు తెలీదులే" అంటే, "నాకు తెలిసే అడుగుతున్నాను" అనండి. ఒక్కసారి వాళ్ళ ముఖం చూడాలి!

ర్యామ్ గురించి ఎక్కువ చెప్పను. 32 జీబీ కావాలంటే 16 చొప్పున రెండు ముక్కలు తీసుకోవాలి. నాలుగు ముక్కలు పెడితే ఏఎమ్5 బోర్డుల్లో వేగం పడిపోతుంది. పెట్టాక బయోస్‌లో ఒక మీట నొక్కితేగాని కొన్న వేగం రాదు. ఆ మీట నొక్కకుండా ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళున్నారు. మానిటరు కూడా అంతే. 144 హెర్ట్జ్‌ది కొని విండోస్‌లో 60 మీదే వదిలేస్తారు. ఇంకొందరు మహారాజులు మానిటరు తీగని గ్రాఫిక్స్ కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి గుచ్చుతారు. లక్ష పోసి కొన్న కార్డు మూల కూర్చుని కునుకు తీస్తుంది. వీళ్ళందరూ "నీకు తెలీదులే" అనే జాతివారే సుమండీ!

2025 చివరి నెలల్లో మాత్రం ర్యామ్ ధరలు నిప్పులు తొక్కాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద డేటా సెంటర్లు జ్ఞాపకశక్తి చిప్పులన్నీ ఎగరేసుకుపోతూంటే, మామూలు జనం కొనే ర్యామ్ రెండింతలు దాటి పోయింది. మైక్రాన్ కంపెనీ అయితే మనబోటివాళ్ళకి అమ్మే 'క్రూషియల్' వ్యాపారాన్నే చాలించుకుంటున్నామని 2025 డిసెంబరులో చెప్పేసింది. ఉల్లిపాయల ధర పెరిగితే ఆ వారం పులుసులో వంకాయ వేస్తాం. అలాగే ఇప్పుడు 64 జీబీ కావాలని పిల్లాడు గునిస్తే 32తో సరిపెట్టుకోమనాలి. ఆటలకి అది చాలు.

అసలు కష్టం కరెంటుది, వేడిది. ఈ రెండూ ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే బిల్లు కట్టేదీ గది తుడిచేదీ ఆడుకునేవాడు కాడు.

2025 జనవరిలో ప్రకటించిన అన్నిటికంటే పెద్ద కార్డు ఆర్‌టీఎక్స్ 5090. అది ఒక్కటే 575 వాట్లు తాగుతుంది. ప్రాసెసరూ మిగతావీ కలిపితే ఆట జోరులో 750 వాట్లు అనుకోండి. రోజుకి నాలుగు గంటలాడితే మూడు యూనిట్లు. నెలకి 90. శ్లాబు ఒక మెట్టు ఎక్కితే మొత్తం బిల్లే మారిపోతుంది. సరే, బిల్లు కడతాం. తాగిన కరెంటంతా ఏమవుతుంది? వేడవుతుంది. 750 వాట్లంటే మన ఇస్త్రీ పెట్టె! బెజవాడలో మే నెల, గదిలో నాలుగు గంటలు ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి తలుపేసుకుని కూర్చున్నట్టు. ఇక ఆ గదికి ఏసీ కావాలి. ఏసీకి ఇంకో యూనిట్ల లెక్క. ఫ్యాన్లు ఎన్ని పెట్టినా గదిలో ఉన్న గాలినే తిప్పుతాయి. గది 40 డిగ్రీలుంటే పెట్టె లోపల అంతకంటే చల్లబడడం ఏ ఫ్యాను వల్లా కాదు. చలిదేశాల వాళ్ళు అద్దాల పెట్టెలు పెట్టుకుంటారు, గది వెచ్చబడితే వాళ్ళకి లాభమే. మనకి కావలసింది ముందువైపు జాలీ ఉన్న క్యాబినెట్, ఆ జాలీ వెనక తీసి కడుక్కునే దుమ్ము వడపోత. జల్లెడకీ అద్దానికీ తేడా వంటింట్లో ఉన్నవాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

ఎస్‌ఎమ్‌పీఎస్ మీద '80 ప్లస్ గోల్డ్' అని ముద్ర ఉంటుంది. బంగారం మాట వింటే మనం మెత్తబడతాం కదా! ఆ ముద్ర 2004లో మొదలైన ఏర్పాటు. గోడలోంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం వృథా కాకుండా లోపలికి అందిస్తుందో చెబుతుంది. సగం బరువు మీద 90 శాతం అందిస్తే గోల్డు. అంతవరకే. ఓల్టేజి ఎగిరిపడినప్పుడు యంత్రాన్ని కాపాడుతుందా అన్నది ఆ ముద్ర చెప్పదు. అందుకని ముద్రతో పాటు గ్యారంటీ ఎన్నేళ్ళో చూడాలి. పేరున్నవాళ్ళు ఐదేళ్ళు, ఏడేళ్ళు, పదేళ్ళు కూడా ఇస్తారు. తయారు చేసినవాడికే పదేళ్ళ నమ్మకం ఉంటే మనకీ కొంత ఉండొచ్చు. మన ఊళ్ళల్లో కరెంటు వచ్చే తీరూ, పోయే తీరూ చెప్పనక్కర్లేదు. మూడో పిన్నుకి ఎర్తు సరిగ్గా ఉందా అని ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించుకోవడం ఆ రంగు దీపాలన్నిటికంటే ముందు జరగాలి. అలాగే పెద్ద కార్డుకి పెట్టే ప్లగ్గు గట్టిగా చివరిదాకా దిగిందా లేదా అన్నది. 2022లో 4090 వచ్చినప్పుడు ఆ ప్లగ్గులు కొన్ని కరిగిపోయాయని గగ్గోలు పుట్టింది. తర్వాత దాని ఆకారమే కొంచెం మార్చారు. గ్యాసు రెగ్యులేటరు 'టక్' మన్నాక గాని చెయ్యి తియ్యని వాళ్ళం. ఇది మనకి చెప్పాలా?

ఇక్కడికి వచ్చేసరికి మీలో కొందరు పళ్ళు నూరుతూ ఉంటారు. "ఏవిటండీ ఈవిడ! పిల్లలు ఆటల్లో పడి చెడిపోతూంటే మానిపించమని రాయాల్సింది పోయి, ఏ కార్డు మంచిదో చెబుతోంది" అని. చెబుతాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు వేరు. కుటుంబాలు కూలిపోతున్నాయని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి వాటిని నిషేధించింది. చాలా మంచి పని చేసింది. అవి ఆడడానికి మూడు లక్షల యంత్రం అక్కర్లేదు, జేబులో ఫోను చాలు. నేను మాట్లాడుతున్నది కథ ఉన్న ఆటలు, కట్టడాలు కట్టే ఆటలు, నలుగురు కలిసి ఎత్తులు వేసే ఆటలు. రోజుకి ఎన్ని గంటలాడాలన్నది ఇంకో దెబ్బలాట, అది ప్రతి ఇంట్లో విడిగా జరగాల్సిందే. కానీ ఆటే పాడుపని అంటే ఒప్పుకోను. నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారని, సీరియల్ చదవకుండా వారపత్రికని అటకెక్కించిన ఇళ్ళున్నాయి మా అమ్మ తరంలో. ఆ అటకలెక్కే చదివారు వాళ్ళు. నవలలు రాసి బతికే నేను ఇంకొకరి కాలక్షేపాన్ని చూసి ముక్కు విరవడం ఏం మర్యాద?

నాకు మండేది ఇంకోచోట. ఈ ఆట ఎవరికి హక్కు, ఎవరికి కాదు అన్నచోట.

మా అన్నయ్యకి ఒక కొడుకు, ఒక కూతురు. కొడుక్కి రెండేళ్ళ క్రితం రెండున్నర లక్షల యంత్రం వచ్చింది. ఎందుకూ అని ఎవరూ అడగలేదు. "ఆడుకుంటాడు" అన్నాడు అన్నయ్య గర్వంగా. కూతురు హైదరాబాదులో యానిమేషన్ చదువుతోంది. లక్షన్నరలో తనకీ ఒకటి కావాలంది. అంతే, ఇంట్లో విచారణ సంఘం కూర్చుంది. ఎందుకు? ఉన్న ల్యాప్‌టాపు ఏమైంది? అన్నయ్యది పాతది ఉందిగా? చదువు రెండేళ్ళలో అయిపోతుందిగా? రేపు పెళ్ళికి? పాపం ఆ పిల్ల ఒక అర్జీ తయారు చేసుకుంది. బ్లెండర్‌లో పెద్ద దృశ్యం తయారు చేస్తే కార్డు జ్ఞాపకశక్తి నిండిపోతుందని, 16 జీబీ లేకపోతే పని నడవదని, ఒక్కో భాగం ఎందుకు ఎంచుకుందో ఎదురుగా రాసి పెట్టింది. ఆ కాగితం నేను చూశాను. ఒక్క రంగు దీపం లేదు. జాలీ క్యాబినెట్, పదేళ్ళ గ్యారంటీ ఉన్న ఎస్‌ఎమ్‌పీఎస్, 8 కోర్ల ప్రాసెసరు, రెండు ముక్కల ర్యామ్. మా కాలనీ కొట్టువాడు కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకోవాలి.

"నిజం చెప్పు, ఇదంతా చదువుకేనా?" అన్నాను.

"ఆడుకోడానికి కూడా అత్తా. కానీ ఆ మాట నాన్నతో అనకు, అస్సలు కొనడు" అంది.

చూశారా? అబ్బాయి 'ఆట' అంటే సరిపోతుంది. అమ్మాయి ఆటని చదువు కొంగు కింద దాచుకోవాలి. ఆడేటప్పుడూ అంతే. తను మాట్లాడితే అవతలి కుర్రాళ్ళు గొంతు గుర్తుపట్టి వెకిలిగా మాట్లాడతారని మైకు కట్టేసుకుని ఆడుతుందట. ఇంట్లోనూ నోరు మూసుకోవాలి, ఆటలోనూ నోరు మూసుకోవాలి!

ఈ యంత్రాలు మగవాళ్ళ సొత్తని ఎవరు తేల్చారో నాకు తెలియాలి. 1940ల్లో అమెరికాలో ఎనియాక్ అనే గదంత కంప్యూటరుకి పని చెప్పిన మొదటి ఆరుగురూ ఆడవాళ్ళే. 1980లో 'మిస్టరీ హౌస్' అని బొమ్మలతో కథ నడిచే కంప్యూటరు ఆట రూపొందించినావిడ రోబర్టా విలియమ్స్. వంటింటి బల్ల దగ్గర మొదలైన పని అది. మన కుర్రాళ్ళు కళ్ళకద్దుకుని కొనే ఆ రైజెన్ ప్రాసెసర్లు చేసే ఏఎండీని 2014 నుంచీ నడిపిస్తున్నది లీసా సూ. మునిగిపోతుందనుకున్న కంపెనీని ఒడ్డున పడేసింది. ఇందాక చెప్పిన జెన్సెన్ హువాంగ్‌కి ఆవిడ దూరపు చుట్టం కూడానూ. చుట్టరికాల్లో పోటీలు మనకి కొత్తా? అలాంటావిడ చేసిన చిప్పుని కొంటూ, కొట్లో నిలబడి, పక్కనున్న తల్లితో "నీకు తెలీదులే" అంటాడు వీడు.

"ఆడవాళ్ళు వెళ్ళి అడిగితే కొట్లో నవ్వుతారండీ" అని ఒకావిడ నాతో అంది. నవ్వనివ్వండి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని కంప్యూటరు కొట్లన్నీ ఒక్కచోట ఉంటాయి. నేను నా మేనకోడలితో వెళ్ళి అక్కడ మూడు గంటలు తిరిగాను. మొదటి కొట్లో కుర్రాడు మమ్మల్ని చూసి "ఆఫీసు పనికా మేడమ్?" అన్నాడు. రెండో కొట్లో "బాబుకా మేడమ్?" అన్నారు. మూడో కొట్లో మా పిల్ల కాగితం చదివిన పెద్దాయన మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "ఈ లిస్టు ఎవరు రాశారమ్మా?" అని అడిగి, కుర్చీ వేయించాడు. నాలుగు కొట్లలో ధరలు రాసుకున్నాం. అంకెల మీద 18 శాతం జీఎస్టీ కలిపారా లేదా, ప్రతి వస్తువు సీరియల్ నంబరూ బిల్లులో వేస్తారా, గ్యారంటీ మన దేశంలో చెల్లుతుందా, చెడితే కొట్టు చూసుకుంటుందా కంపెనీ దగ్గరికి మనం పోవాలా... అన్నీ అడిగాం. చివరి కొట్లో "అన్నీ మా దగ్గరే తీసుకుంటే దీపాల ఫ్యాన్లు ఊరికే ఇస్తా" అన్నాడు. "వద్దు, ఆ ఖరీదు ఎస్సెస్‌డీలో తగ్గించు" అంది మా పిల్ల. తగ్గించాడు.

మొత్తం 1 లక్ష 46 వేలకి తేలింది. ఆ కాగితం ప్రస్తుతం నా దగ్గరే ఉంది. అన్నయ్యకి ఫోన్ చేసి, ఆదివారం భోజనానికి రమ్మన్నాను. వంటేమిటని అడిగాడు. గుత్తివంకాయ అని చెప్పాను. తక్కిన సంగతి భోజనాలయ్యాక.